నాన్నకి హార్మోన్ ఇంజెక్షన్ బదులు ఈస్ట్రోజెన్ ప్యాచ్ వాడొచ్చా? ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్

లెస్టర్_తెనాలి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 72 ఏళ్ళు, తెనాలిలో ఉంటారు, రిటైరైన లెక్కల మాస్టారు. పోయినేడు ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది. గ్లీసన్ (క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే అంకె) 8, గ్రంథి దాటి పక్కకి వచ్చింది గానీ ఎముకలకి పాకలేదన్నారు. రేడియేషన్ అయిపోయింది, మూడు నెలలకోసారి ల్యూప్రొలైడ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ చేయిస్తున్నాం. ఈ జబ్బు ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష పీఎస్ఏ బాగా దిగింది, అందులో ఏ వంకా లేదు. కానీ మనిషి చిక్కిపోయారు. రాత్రయితే ఒళ్ళంతా సెగలు పుట్టి చెమటలు ధారగా కారిపోతాయి, అమ్మ లేచి బనీను మార్చి, మళ్ళీ కాసేపటికి ఇంకోటి మార్చి, ఇద్దరికీ నిద్ర లేదు. నడుం నొప్పి కూడా మొదలైంది.

నేనుండేది ఇంగ్లండులోని లెస్టర్‌లో. ఇక్కడ నాతో పనిచేసే ఒకాయన తండ్రికి ఇదే జబ్బు. ఆయనకి ఇంజెక్షనే లేదట, పొట్ట మీద ఈస్ట్రోజెన్ ప్యాచ్‌లు అంటించుకుంటారట, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి ఇచ్చేవే. సెగలు దాదాపు లేవట. విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. ఇది నిజంగా వైద్యమేనా? నాన్నకి మార్చమని డాక్టర్ని అడగొచ్చా?

గోదావరి_శ్రీను

అన్నా, ఆడవాళ్ళ హార్మోన్ మగమనిషికి ఇవ్వడం ఏంటి? నాకైతే భయంగా ఉంది. పీఎస్ఏ దిగుతున్నప్పుడు ఉన్న వైద్యాన్ని కదపొద్దు. ఎవరో చెప్పారని ఇంజెక్షన్ మాత్రం ఆపకండి దయచేసి.

కాకినాడ_యూరాలజీ

శ్రీను గారి చివరి మాట అందరూ గుర్తుపెట్టుకోండి, డాక్టరు చెప్పకుండా ఇంజెక్షన్ ఆపకూడదు. కానీ ఈస్ట్రోజెన్ అనేది ఎవరో పుట్టించిన పుకారు కాదండీ. ఇంజెక్షన్లకన్నా నలభై ఏళ్ళు ముందు నుంచీ ఉన్న వైద్యం. 1941లో షికాగో యూనివర్సిటీలో చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ కలిసి, వృషణాలు తీసేసినా, ఈస్ట్రోజెన్ ఇచ్చినా ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చూపించారు. హగ్గిన్స్‌కి 1966లో నోబెల్ వచ్చింది. అప్పట్లో వాడింది డైఇథైల్‌స్టిల్బెస్ట్రాల్ అనే మాత్ర, దాన్నే డీఈఎస్ అంటారు. 1938లో ఇంగ్లండులో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసింది, పేటెంటు లేదు కాబట్టి చాలా చవక. 1980లలో ల్యూప్రొలైడ్ లాంటి ఇంజెక్షన్లు వచ్చేదాకా ఆపరేషన్ వద్దనుకున్నవాళ్ళకి ఇదే దిక్కు.

ఇక ఎలా పనిచేస్తుందంటే, ఈ క్యాన్సర్‌కి మేత టెస్టోస్టెరాన్. వృషణాలు దాన్ని తయారుచేసేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్ చెబితేనే. రక్తంలో ఈస్ట్రోజెన్ పెరిగితే, ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయినట్టు, పిట్యూటరీ ఎల్‌హెచ్ పంపడం మానేస్తుంది. వృషణాలు ఊరుకుంటాయి. ఇంజెక్షన్ కూడా చివరికి ఇదే పని చేస్తుంది, దారి వేరు.

తేడా ఎక్కడంటే, మగవాడి ఒంట్లో కూడా ఈస్ట్రోజెన్ ఉంటుంది, అది టెస్టోస్టెరాన్ నుంచే తయారవుతుంది. ఇంజెక్షన్‌తో టెస్టోస్టెరాన్ ఎండిపోయినప్పుడు దాంతోపాటు ఈస్ట్రోజెన్ కూడా ఎండిపోతుంది. మగవాళ్ళ ఎముకల గట్టిదనానికి ఈస్ట్రోజెన్ చాలా ముఖ్యం. అది పోవడం వల్లే సెగలు, ఎముకలు గుల్లబారడం. బయట నుంచి ఈస్ట్రోజెన్ ఇస్తే టెస్టోస్టెరాన్ పడిపోతుంది, ఎముకకి కావలసింది మాత్రం అందుతుంది. మీ సహోద్యోగి తండ్రికి సెగలు లేకపోవడానికి కారణం అదే.

సత్తుపల్లి_మహేష్

డాక్టర్ గారూ, మీరు చెప్పింది బాగుంది కానీ నా అనుభవం వేరే. మా నాన్నకి కొన్నేళ్ళ కిందట ఒక చిన్న ఆసుపత్రిలో ఇదే జాతి మాత్రలు రాశారు. చవక, ఇంజెక్షన్ ఖర్చు లేదు అన్నారు. కాళ్ళ వాపు వస్తే చూసుకోవాలని గానీ, ఆయాసం వస్తే పరుగెత్తుకు రమ్మని గానీ ఒక్క ముక్క చెప్పలేదు. ఎడమ కాలు పిక్క రాయిలా గట్టిపడి, ఎర్రబడి, ముట్టుకుంటే కేక వేసేవాడు. నరం పట్టిందనుకుని ఊళ్ళో నూనె రాశారు. ఖమ్మం తీసుకెళ్ళి డాప్లర్ (రక్తనాళాల స్కాన్) తీయిస్తే తొడ దాకా రక్తం గడ్డ. ఊపిరితిత్తులకి పోకముందే పట్టుకున్నారు కాబట్టి మనిషి దక్కాడు. నాకు ఈస్ట్రోజెన్ పేరు వింటే ఇప్పటికీ గుండె దడే.

కాకినాడ_యూరాలజీ

మహేష్ గారూ, మీ భయం న్యాయమైనదే. ఆ మాత్ర చరిత్రంతా అదే. 1960లలో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు కలిసి చేసిన పెద్ద అధ్యయనాల్లో రోజుకి 5 మిల్లీగ్రాముల డీఈఎస్ తీసుకున్నవాళ్ళకి క్యాన్సర్ అదుపులోకి వచ్చింది గానీ గుండె, రక్తనాళాల జబ్బులతో చావులు పెరిగాయి. ఒక మిల్లీగ్రాముకి తగ్గించి చూశారు, ముప్పు తగ్గింది, కానీ ఆ మోతాదుతో అందరికీ టెస్టోస్టెరాన్ పూర్తిగా దిగదు. మూడు మిల్లీగ్రాములిస్తే దిగుతుంది, గడ్డల భయం మళ్ళీ మొదలు. దానికి తోడు రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ చిన్న మోతాదులో ఇచ్చి చూశారు, అయినా గడ్డలు ఆగలేదు.

కారణం కాలేయం. నోటితో మింగిన ఈస్ట్రోజెన్ పేగు నుంచి నేరుగా కాలేయానికి చేరుతుంది. ఆ దెబ్బకి కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లని ఎక్కువగా తయారుచేస్తుంది. చర్మం ద్వారా ఇస్తే మందు ముందు రక్తంలోకి పోతుంది, కాలేయం మీద ఆ మొదటి దెబ్బ పడదు. మాత్రకీ ప్యాచ్‌కీ ఉన్న తేడా ఇదే, దీన్ని పట్టించుకోకుండా రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. మాత్రలు మన దగ్గర పూర్తిగా పోలేదు కూడా. ఇంజెక్షన్లూ ఖరీదైన మందులూ పనిచేయడం మానేశాక ఫాస్ఫెస్ట్రాల్ అనే పాత ఈస్ట్రోజెన్ మందుని ఇప్పటికీ కొందరు రాస్తారు. రాసినవాళ్ళు గడ్డల గురించి విప్పి చెప్పడం వాళ్ళ బాధ్యత. మీకు చెప్పకపోవడం తప్పే.

లెస్టర్_తెనాలి

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు ధన్యవాదాలు డాక్టర్ గారూ. మరి ప్యాచ్‌తో గడ్డలు రావని పరీక్షించి చూశారా, లేక అలా అయి ఉండాలని అనుకోవడమేనా?

కాకినాడ_యూరాలజీ

పరీక్షించారు, అదీ మీరున్న దేశంలోనే. లండన్ యూనివర్సిటీ కాలేజీలోని ఎంఆర్‌సీ క్లినికల్ ట్రయల్స్ యూనిట్ నడిపింది, రూత్ లాంగ్లీ ఆధ్వర్యంలో. ట్రయల్ పేరే ప్యాచ్, 2006లో మొదలైంది. 2021లో లాన్సెట్‌లో గుండె, రక్తనాళాల ఫలితాలు వచ్చాయి. 1,694 మందిలో కొందరికి ప్యాచ్‌లు, కొందరికి ఇంజెక్షన్. గుండెపోటు, పక్షవాతం, గడ్డలు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానం. టెస్టోస్టెరాన్ కావలసినంత దిగినవాళ్ళు రెండు వైపులా 93 శాతం. తర్వాత 2024 సెప్టెంబరులో బార్సిలోనాలో జరిగిన యూరప్ క్యాన్సర్ డాక్టర్ల మహాసభ ఎస్మోలో, క్యాన్సర్‌ని ఆపడంలో ప్యాచ్ ఇంజెక్షన్‌కి సాటి వస్తుందా అన్న అసలు ప్రశ్నకి జవాబు చెప్పారు. స్టాంపీడ్ అనే ఇంకో పెద్ద ట్రయల్‌లోని వాళ్ళని కూడా కలిపి 1,360 మంది. క్యాన్సర్ వేరే చోటికి పాకకుండా మూడేళ్ళు బతికి ఉన్నవాళ్ళు ప్యాచ్ వైపు 87 శాతం, ఇంజెక్షన్ వైపు 86 శాతం. అంటే ప్యాచ్ ఏం తీసిపోలేదు. సెగలు ఇంజెక్షన్ వాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి వస్తే, ప్యాచ్ వాళ్ళలో సగం మందికి కూడా రాలేదు. ఎముకల సాంద్రత ప్యాచ్‌తో నిలబడింది, షుగరు, కొలెస్ట్రాల్ విషయంలోనూ ప్యాచే నయం.

కానీ రొమ్ములు పెరగడం ప్యాచ్‌తో చాలా ఎక్కువ. దాదాపు 85 శాతం మందికి. ఇంజెక్షన్‌తో 40 శాతం చిల్లర. ఇది చిన్న విషయమని నేను అనను.

బర్మింగ్‌హామ్_బాబాయ్

అబ్బాయ్, నేను ఆ ట్రయల్‌లో ఉన్నవాణ్ణే, అందుకే రాస్తున్నా. మాది భీమవరం దగ్గర, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. 2014లో నాకు ముదిరిన ప్రోస్టేట్ అని చెప్పి, ట్రయల్‌లో చేరతావా అని అడిగారు, ఏ గుంపులో పడతామో మన చేతిలో ఉండదు, నాకు ప్యాచ్‌లు పడ్డాయి. మొదటి నాలుగు వారాలు ఒకేసారి నాలుగు ప్యాచ్‌లు, వారానికి రెండుసార్లు మార్చాలి. రక్తపరీక్షలో టెస్టోస్టెరాన్ దిగిందని చూశాక మూడుకి తగ్గించారు.

నాకు బుధవారం, ఆదివారం మార్చే రోజులు. స్నానం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరాక, పౌడరు నూనె ఏమీ లేకుండా బొడ్డు కింద గానీ పిరుదు మీద గానీ అంటించి, అరచేత్తో కాసేపు నొక్కి పట్టుకోవాలి. వెంట్రుకలుంటే పట్టదు, కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోవాలి, గీస్తే చర్మం మండుతుంది. పంచె ముడి, ప్యాంటు పట్టీ పడే చోట పెట్టకూడదు, అంచు లేచిపోతుంది. తీసేశాక జిగురు నల్లగా చతురస్రంలా మిగిలిపోతుంది, సబ్బుతో పోదు, కొబ్బరి నూనె రాసి గుడ్డతో రుద్దితే పోతుంది. కొత్తది మాత్రం నూనె రాసిన చోట పెట్టకండి. దురద వస్తుంది, చోటు మారుస్తూ ఉండాలి.

సెగలు నాకు తెలియవు. నాతోపాటు క్లినిక్‌లో కూర్చునేవాళ్ళు కాగితంతో విసురుకుంటూ ఉండేవాళ్ళు, చూసి బాధపడేవాణ్ణి. కానీ రొమ్ములు మాత్రం వచ్చాయి నాయనా. మొదట చనుమొన కింద గుండీలా గట్టిగా తగిలింది, తర్వాత పెరిగింది. కారులో సీటు బెల్టు ఒరుసుకుంటే చుక్కలు కనపడేవి. మనవడు వచ్చి గుండెల మీద పడితే తోసేయలేను, ఓర్చుకోలేను. పెళ్ళిళ్ళలో చొక్కా విప్పి పీటల మీద కూర్చోవాల్సి వస్తే మానేశాను, కండువా కప్పుకుని దూరంగా నిలబడ్డాను. మా ఆవిడ ఒక్కనాడు కూడా ఒక్క మాట అనలేదు. ఇవన్నీ ముందే తెలిస్తే మనిషి సిద్ధపడతాడు, అందుకే రాస్తున్నా. మళ్ళీ ఎంచుకోమంటే నేను ప్యాచే ఎంచుకుంటాను, నిద్ర పట్టింది, ఎముకలు నిలిచాయి. మీ నాన్నగారు ఏం ఎంచుకుంటారో ఆయన్నే అడుగు. కొడుకులు తేల్చే విషయం కాదు ఇది.

ఉమ_హైదరాబాద్

బాబాయ్ గారూ, మీరు ఇంత విప్పి రాసినందుకు దండం పెట్టాలి. మా నాన్నకి జబ్బు వచ్చినప్పుడు ఇంట్లో ఈ మాటలు ఎవరూ ఎత్తలేదు. నేను ఆడపిల్లనని నా ముందు డాక్టరు కూడా నసిగాడు.

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మా నాన్నకి ఆపరేషన్ చేయించాం, రెండు వృషణాలూ తీసేశారు. చిన్న ఆపరేషన్, ఒక్కసారితో అయిపోతుంది, మూడు నెలలకోసారి ఇంజెక్షన్ కోసం ఊరి నుంచి రావడం, డబ్బు సర్దడం, తేదీ దాటిపోతుందేమోనని టెన్షన్, ఏదీ లేదు. మగతనం పోతుందని ఆయన చాలా ఏడ్చారు, ఇంజెక్షన్‌తో కూడా అదే జరుగుతుందని తెలిశాక ఒప్పుకున్నారు. సెగలు, ఎముకల సమస్య మాత్రం ఆపరేషన్‌తోనూ ఉంటాయి, అది దాచను. ఖర్చు కట్టుకోలేనివాళ్ళు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళి కార్డు మీద ఏవేవి వస్తాయో అడగండి, సిగ్గుపడకండి.

విశాఖ_మందులషాపు

ఫార్మసిస్టుగా ఒక మాట. ఈ చర్చ చదివి ఎవరూ షాపుకి వెళ్ళి ఈస్ట్రోజెన్ మాత్రలు కొనకండి. గర్భనిరోధక మాత్రల్లో ఉండేది ఈథైనైల్ ఎస్ట్రాడియాల్, కాలేయం మీద మామూలు ఎస్ట్రాడియాల్ కన్నా చాలా గట్టిగా పనిచేస్తుంది, గడ్డల ముప్పు ఎక్కువ. "ఏదైనా ఈస్ట్రోజెనే కదా" అని నా కౌంటర్ దగ్గర వాదించినవాళ్ళున్నారు. కాదు. ట్రయల్‌లో వాడింది రోజుకి 100 మైక్రోగ్రాములు వదిలే ఎస్ట్రాడియాల్ ప్యాచ్‌లు, అవీ ఒకేసారి మూడు నాలుగు. ఆడవాళ్ళకి ఇచ్చే మామూలు మోతాదుకి ఇది చాలా రెట్లు. 50 మైక్రోగ్రాముల రకం ఒకటి తెచ్చి అంటిస్తే టెస్టోస్టెరాన్ దిగదు, ఇంజెక్షన్ కూడా ఆపేసి ఉంటే క్యాన్సర్‌కి తలుపు తీసినట్టే. ఈస్ట్రోజెన్ జెల్ పూసి అదే లెక్క అనుకోవడం కూడా వద్దు, ఎంత ఇంకుతుందో మనిషి మనిషికీ మారుతుంది. ఏది వాడినా సరిపోయిందో లేదో చెప్పేది రక్తంలో టెస్టోస్టెరాన్ పరీక్ష. అది 50 నానోగ్రాములు పర్ డెసిలీటర్ కన్నా కిందే ఉండాలి.

లెస్టర్ తమ్ముడూ, అక్కడి నుంచి ఎవరి సూట్‌కేసులోనో పంపే ఆలోచన ఉంటే మానుకో. ఒక నెల వచ్చి రెండో నెల రాకపోతే నాన్నగారు మధ్యలో వేలాడతారు. మన ఎండల్లో చెమటకి ఊడిపోతే ఏం చేయాలో చెప్పే డాక్టరు కూడా దగ్గరుండాలి.

కరీంనగర్_వంశీ

మా పెదనాన్నకి ఎముకలకి పాకింది, వెన్నులో నాలుగైదు చోట్ల. ఇంకా ఏ వైద్యమూ మొదలుపెట్టలేదు, వచ్చే వారం వెళ్ళాలి. మాకు కూడా ప్యాచ్ అడగమంటారా?

కాకినాడ_యూరాలజీ

వంశీ గారూ, మీది వేరే పరిస్థితి, వచ్చే వారం దాకా ఆగొద్దు, రేపే వెళ్ళండి. నేను పైన చెప్పిన 2024 ఫలితాలు వేరే చోటికి పాకని క్యాన్సర్‌వి. వెన్నుకి పాకినవాళ్ళకి వాటిని అంటగట్టకూడదు. మీ పెదనాన్నకి టెస్టోస్టెరాన్ వెంటనే దిగాలి. ల్యూప్రొలైడ్ రకం ఇంజెక్షన్ మొదట కొన్నాళ్ళు టెస్టోస్టెరాన్‌ని పెంచి తర్వాత దించుతుంది, అందుకని దానికి ముందే టెస్టోస్టెరాన్ పనిని అడ్డుకునే బైకాల్యుటమైడ్ మాత్రలు మొదలుపెడతారు. ఆ పెరుగుదల లేనివి డెగరెలిక్స్ ఇంజెక్షన్, లేదా ఉమ గారు చెప్పిన ఆపరేషన్. వీటికి తోడు అబిరటెరోన్ లాంటి మాత్రలో కీమోనో కూడా అవసరమా అన్నది అడగండి, ఎముకలకి పాకినవాళ్ళలో తోడు మందు ఆయుష్షు పెంచుతుంది. అబిరటెరోన్ జెనరిక్‌లు మన దేశంలో దొరుకుతున్నాయి. ఈలోపు కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా అర్ధరాత్రయినా సరే అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. వెన్నుపాము నలిగితే గంటలే లెక్క, ఆలస్యమైతే నడక తిరిగి రాదు.

కరీంనగర్_వంశీ

రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం సార్. ధన్యవాదాలు.

లెస్టర్_తెనాలి

నాన్న రేడియేషన్ డాక్టరుతో నిన్న వీడియో కాల్‌లో మాట్లాడాను, మీరంతా చెప్పినవి రాసుకుని మరీ. ఆయన ప్యాచ్ ట్రయల్ గురించి తెలుసన్నారు, కొట్టిపారేయలేదు. కానీ ప్యాచ్ మన దగ్గర ప్రోస్టేట్ కోసం అనుమతి పొందిన మందు కాదని, రాయాలంటే నాన్నకి అన్నీ వివరించి ఒప్పుకోలు తీసుకోవాలని, ఆగకుండా సరఫరా దొరుకుతుందన్న నమ్మకం కుదరాలని అన్నారు. నాన్నకి పదేళ్ళ కిందట స్టెంట్ వేశారు, అది కూడా ఆయన గుర్తుచేశారు, గుండె డాక్టరు మాట లేకుండా ఈస్ట్రోజెన్ జోలికి వెళ్ళనన్నారు. నాన్నని పక్కన కూర్చోబెట్టి బాబాయ్ గారు రాసింది మొత్తం చదివి వినిపించాను. విని, "గుండె డాక్టరు సరేనంటే నాకు అభ్యంతరం లేదు, నిద్ర కావాలి నాకు" అన్నారు. అమ్మ వెనక నుంచి "ముందు ఆ నడుం సంగతి చూడమను" అంది. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఇంతవరకు ఎవరూ రాయలేదు, అది శుక్రవారానికి పెట్టారు.

కాకినాడ_యూరాలజీ

మంచి డాక్టరు దొరికారు. స్కాన్‌లో ఎముకలు పలచబడ్డాయని తేలితే ఎముకలని కాపాడే మందులు, ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ గానీ, ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ గానీ ఇస్తారు. వాటికి ముందు విటమిన్ డి, కాల్షియం చూసుకోవాలి, పుచ్చు పళ్ళుంటే ముందే తీయించేయండి, ఈ మందులు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. నడుం నొప్పి కొత్తది కాబట్టి అది జబ్బు పాకడం వల్ల కాదని కూడా తేల్చుకోమనండి. సెగలకి ప్యాచ్ ఒక్కటే మార్గం కాదు, ఇంజెక్షన్ కొనసాగిస్తూనే మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ లాంటి మందులిస్తారు, ఈ లోపు దాని గురించి అడగండి. ఒకవేళ ప్యాచ్ వైపు వెళితే మొదలుపెట్టే ముందే రొమ్ముల మాట తేల్చుకోండి. ముందుగా రొమ్ములకి చిన్న మోతాదు రేడియేషన్ గానీ, రొమ్ము మీద ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్రలు గానీ ఇస్తే పెరగడం తగ్గుతుంది, పెరిగి ఏడాది దాటి గట్టిపడ్డాక మందులతో తగ్గదు, కోసి తీయాల్సిందే. టామోక్సిఫెన్‌కి కూడా గడ్డల ముప్పు ఉంది, స్టెంట్ ఉన్న మనిషి కాబట్టి అది కూడా గుండె డాక్టరు చెవిన వేయండి.

బర్మింగ్‌హామ్_బాబాయ్

నాకు ఆ ముందు జాగ్రత్త రేడియేషన్ గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే చేయించుకునేవాణ్ణి. అబ్బాయ్, ఆ ఒక్కటి మాత్రం గట్టిగా అడుగు. మీ నాన్నగారికి నాతో మాట్లాడాలనిపిస్తే ఇక్కడ సందేశం పెట్టు, సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను.

లెస్టర్_తెనాలి

తప్పకుండా బాబాయ్ గారూ. శుక్రవారం స్కాన్ రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.